కోడికి కార్తీకం తెలీదు

"ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులుంటాయి అత్తయ్యా. దీనికింత గొడవేటి?"

"అదే ఫ్రిజ్‌లోంచి సోమారం అభిషేకానికి పాలు తీస్తావా? గుడ్ల పక్కన పెట్టిన పాలు?"

"కింద అరలో పెడతాను. కవర్లో సుట్టి."

"దేముడికి పై అరా కింద అరా తెలీదనుకుంతన్నావేటి?"

"అయితే పారెయ్యమంటారా?"

"పారేత్తే నా సేతులిరిగిపోతాయి. తిండి పారేసిన కొంప కాదిది."

"ఉంచకూడదు, పారెయ్యకూడదు. నలపై గుడ్లు రేపు అమాస లోపల ఎవులు తింటారు?"

నరకచతుర్దశి నాటి సాయంత్రం మా వంటింట్లో నాకూ మా కోడలికీ జరిగిన మాటలివి. దీపావళికి ఎవరైనా స్వీటు డబ్బా ఇస్తారు. మా అబ్బాయితో పనిచేసే ఒకాయనకి సబ్బవరం దగ్గర కోళ్ళఫారం ఉంది. ఆయన రెండు ట్రేలు గుడ్లిచ్చాడు. పండగ ముందు అరవై గుడ్లు. మా అబ్బాయికి ఎల్లుండి కార్తీకం వస్తుందన్న జ్ఞాపకం ఉంటేనా? నవ్వుకుంటూ స్కూటరు మీద పెట్టుకుని తెచ్చేశాడు. పన్నెండు పులుసులో వేశాను. ఎనిమిది పొరటు చేశాను. మూడోపూట గుడ్డు అనగానే ఇంట్లో అందరూ ముఖాలు తిప్పుకున్నారు. ఇంకా నలభై ఉన్నాయి. మా వీధిలో అందరూ కార్తీకం పట్టేవాళ్ళే, ఒక్క ఇల్లు తప్ప.

ఆ ఒక్క ఇంటి సంగతే మా కోడలు చివరికి అంది. "ఏటేటా పక్కింటికిచ్చీవోరు కదా. ఇప్పుడూ ఇచ్చీండి."

ఆ ఇంటి మాట ఎత్తకు అన్నాను. ఎత్తలేదు. పొయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను ట్రేల ముందు పీట వేసుకుని కూర్చున్నాను. చేతికందిన గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టి ఆడించాను. ఎందుకాడించానో చేతికే తెలియాలి. అది నా పద్ధతి కాదు. పక్కింటావిడది.

ఆవిడ పేరు రాయను. మా వీధిలో ఎవరికీ ఆ పేరుతో పని పడలేదు. అందరికీ గుడ్లమ్మ. నాకు వదిన. ఆవిడా నన్ను వదినా అనే పిలిచేది. ఇద్దరిలో ఎవరు పెద్దో నలభై ఏళ్ళలో తేలలేదు. నేను నువ్వు పెద్ద అంటే, కాదు నువ్వే పెద్ద అనేది. అప్పా అని, అంటే అక్కా అని, పిలిపించుకోవడానికి ఇద్దరం ఒప్పుకోలేదు.

పొట్టి మనిషి. నడిస్తే ఒక పక్కకి ఒరిగేది. ముడిలో అందరూ పువ్వు పెట్టుకునే చోట ఆవిడకి పెన్సిలు ముక్క ఉండేది. పెళ్ళికి ముందు ఆసుపత్రిలో ఆయాగా చేసిందట. అక్కడ సీసా సీసాకీ చీటీ ఉండేది. ఆ అలవాటు గుడ్ల మీదకి తెచ్చుకుంది. కోడి పెట్టిన గుడ్డు వేడి ఆరకముందే తీసి, వారంలో ఏ రోజో ఆ అక్షరం రాసేది. సో, మం, బు. సోమవారం గుడ్డు ఉండగా మంగళవారం గుడ్డు ముడితే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. పాతది ముందు వండాలి. ఈ ఒక్క విషయంలో ఆవిడా నేనూ ఒకటే.

మిగతా అన్నిటిలోనూ గొడవే. గుడ్డు పాడయిందో లేదో చూడ్డానికి నేను నీళ్ళలో వేస్తాను. మునిగితే వంటింటికి, తేలితే పెంటకి. ఆవిడ చూస్తే నా చేతిలో గిన్నె లాక్కునేది.

"తడపకు వదినా. తడిపిన గుడ్డు నిలవుండదు. దానికీ ఊపిరుంటాది."

ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. లోపల కదిలిన చప్పుడు వినబడితే, ఇది కబుర్లు చెప్తంది, ఈ పూటే వండీయాలి అనేది. ఏమీ వినబడకపోతే, దీనికింకా నోరు రాలేదు, నాలుగు రోజులుండనీ అనేది. నాకెప్పుడూ ఏమీ వినబడలేదు. వినబడిందని మాత్రం అనేదాన్ని.

మొదట కలిసింది కూడా గుడ్డు మీదే, అదీ కార్తీకంలోనే. ఊరినుంచి గాజువాక కాపరానికి వచ్చిన కొత్త. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకి వెళ్ళాక పెరట్లో కట్టెలు తీస్తుంటే ఆ మోపులో అయిదు గుడ్లు కనబడ్డాయి. పక్కింటి కోడి గోడ దూకి వచ్చి రోజుకొకటి పెట్టి పోతోంది. తల స్నానం చేసి మడిచీర కట్టుకున్నదాన్ని. చెయ్యి పెట్టలేను, వదిలేస్తే కుళ్ళుతాయి. గోడ దగ్గర నిలబడి కేకలేశాను. నా నోరు అప్పట్లో ఇప్పటికంటే గట్టిది.

ఆవిడ గోడ మీద నుంచి తల పెట్టి చూసింది. కోపం రాలేదు. "కోడికి కార్తీకం తెలీదు వదినా. నువ్వు తిట్టు, నాను దానికి సెప్తాను" అంది. వచ్చి గుడ్లన్నీ చీర కొంగులో వేసుకుపోయింది. పోతూ పోతూ ఒక్కోటీ చెవి దగ్గర పెట్టి విన్నది. అది చూసి ఈవిడకి మతి సరిగ్గా లేదనుకున్నాను.

మూడు నెలలు పోయాక వాళ్ళ విభూది బుధవారానికి ముందురోజు, మా గోడకున్న మేకుకి ఒక తీగ బుట్ట వేలాడుతోంది. అడుగున వరిగడ్డి. గడ్డి మీద పదహారు గుడ్లు. గోడవతల ఆవిడ. వాళ్ళకి ఈస్టరు పండగ దాకా నలభై రోజులు తపస్సుకాలమట. చాలామంది మాంసం మానేస్తారు. ఆవిడ గుడ్డు కూడా మానేసేది. "మా కోడికి తపస్సూ తెలీదు. రోజూ పెట్టేస్తంది. నువ్వు తిను, పాడైపోతాయి" అంది.

అలా మొదలయింది. వాళ్ళ తపస్సుకాలంలో ఆ ఇంటి గుడ్లు మా ఇంటికి. మా కార్తీకం ముందు అమావాస్య పొద్దున్న మా ఇంట్లో మిగిలిన గుడ్లు ఆ ఇంటికి. బుట్ట ఆవిడదే. మేకు మాది. బుట్ట ఎవరి వైపు వెళ్ళినా ఖాళీగా తిరిగి రాకూడదు. రెండు నిమ్మకాయలో, రెమ్మ కరివేపాకో, ఏదో ఒకటి ఉండాలి. ఇవేవీ ఇద్దరం కూర్చుని అనుకున్నవి కావు.

ఆవిడ వంట చేతికి అదుపు ఉండదు. నేను నాలుగు గుడ్లలో బంగాళాదుంపలు వేసి ఎనిమిదిమందికి సరిపెడతాను. మీ ఇంట్లో గుడ్డు చుట్టపుచూపుకి వచ్చినట్టుంటాది అని వెక్కిరించేది. ఆవిడ పులుసుకి గుడ్లు ఉడకబెట్టదు. చింతపండు పులుసు కుతకుత ఉడుకుతుంటే మునక్కాడల మధ్య పచ్చి గుడ్డు పగలగొట్టి జారవిడుస్తుంది. గరిట పెట్టనివ్వదు. "కలపకు. ముట్టుకుంటే సిగ్గుతో సితికిపోద్ది" అనేది. తపస్సుకాలం ముందు మంగళవారం నాడు కబుర్లు చెప్పే గుడ్లన్నీ ఆ పులుసులోకీ గులాబీ పువ్వులనే పిండివంటలోకీ పోయేవి. ఒక గిన్నెడు పులుసు మాకు వచ్చేది. ప్రతి ఏడూ ఉప్పెక్కువైందని చెప్పేదాన్ని. అందుకేనా గిన్నె నాకేసి పంపినావు అనేది. బాగుందని ఒక్క ఏడాదీ అనలేదు. మెచ్చుకుంటే మనుషులు పాడవుతారని మా అమ్మ నేర్పింది. మెచ్చుకుని ఉంటే ఎవరు ఎంత పాడయ్యేవారో ఇప్పుడు తెలియడం లేదు.

పెద్ద తుపాను వచ్చినప్పుడు ఆవిడ కోళ్ళగూడు రేకుతో సహా ఎగిరి ఎక్కడ పడిందో తెలియలేదు. ఎనిమిది కోళ్ళని రెండు చేతుల్లో, కొంగులో, చంకలో పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మా స్నానాలగది ఇచ్చాను. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పైగా స్నానాలగదిలో కోళ్ళు. పన్నెండు రోజులు మేం తడిక చాటున స్నానాలు చేశాం. ఆవిడ రోజూ పొద్దున్న వచ్చి ఆ గది తలుపు బయట చతికిలబడి, చెయ్యి ఒక్కటే లోపల పెట్టి తడుముకుని గుడ్డు తీసేది. తలుపు తీసి చూడొచ్చు కదా అంటే, లోపల ఆడోళ్ళున్నారు అంది. మా ఆయన అది విని నవ్విన నవ్వు, ఆయన పోయినా నాకింకా చెవిలో ఉంది.

కార్తీకంలో ఏ రెండోవారమో నాకు గుడ్డు మీద మనసు లాగేది. ఎవరికీ చెప్పను. శెనగపిండి జారుగా కలిపి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేగాక మూకుట్లో పోసి, గరిటెతో విడదీస్తూ పొరటులా చేసుకునేదాన్ని. చూడ్డానికి అచ్చం గుడ్డు పొరటే. ఆవిడ గోడ మీద నుంచి వాసన పట్టేది. "దొంగ గుడ్డు వండుతన్నావా వదినా?" అని అడిగేది. శెనగపిండి అనేదాన్ని. నిజమే కదా.

ఈ ఏడు తపస్సుకాలం వచ్చేసరికి ఆవిడ మంచం పట్టింది. మనిషి సగమైంది. రోజుకి రెండు గుడ్లైనా తినకపోతే లేవదని డాక్టరు చెప్పాడు. జబ్బుచేసినవాళ్ళకి ఉపవాసం అక్కర్లేదని వాళ్ళ ఫాదరు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. వినలేదు. కొడుకు గోడ దగ్గరికొచ్చి, అత్తా నువ్వైనా చెప్పు అన్నాడు. వెళ్ళాను.

"ఇన్నేళ్ళు ఇడిసిపెట్టినాను వదినా. ఇప్పుడు ఒంట్లో బాలేదని దేముడికి సాకు సెప్పమంతావా?" అంది.

నేను వాదించలేదు. నాకెవరైనా అలా చెప్పి ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఇంటికొచ్చి, ఆ పొద్దున్నే బుట్టలో వచ్చిన ఆవిడ గుడ్లలోంచే రెండు తీసి గిలక్కొట్టి, చారెడు శెనగపిండి కలిపి పొరటు చేశాను. గిన్నె పట్టుకెళ్ళి, శెనగపిండి కూర, తిను అన్నాను. నేను వండినదాని గురించి చెప్పిన మొదటి అబద్ధం అది.

మొదటి ముద్ద పెట్టుకుని చాలాసేపు నమిలింది. నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను.

"పిండి మంచిది. బాగా పొంగింది" అంది.

"ఊఁ."

"ఏ కొట్లో కొన్నావు?"

"మార్కెట్లో."

గిన్నె ఖాళీ చేసింది. వేలితో అంచు కూడా తుడిచింది. నీళ్ళు తాగి వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేచాను.

"తినింది నానే. పాపం మాత్రం నీదే వదినా" అంది, కళ్ళు తెరవకుండా.

"నాకే రానీ" అన్నాను.

మర్నాడు పొద్దున్న బుట్టలో అన్ని గుడ్ల మీదా ఎప్పట్లాగే రోజు అక్షరం ఉంది. ఒక పక్కగా రెండు గుడ్లు వేరే పెట్టి ఉన్నాయి. వాటి మీద రోజు లేదు. వంకరగా, వణుకుతూ, రెండక్షరాలు రాసి ఉన్నాయి. పిండి.

నేను చదివింది మూడో తరగతి. ఆ రెండక్షరాలు చదవడానికి అది చాలు. ఆ రోజునుంచి రోజూ రెండు పిండి గుడ్లు వచ్చేవి. రోజూ శెనగపిండి కూర వెళ్ళేది. ఆవిడ తినేది. పిండి ఊసు మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు. ఉప్పు చాలలేదు అని మాత్రం అనేది. అంతకాలం నేనన్న మాటలకి బదులు తీర్చుకుంటోందనుకున్నాను. ఆఖరి వారంలో గుడ్ల మీద అక్షరాలు గుండ్రంగా, తిన్నగా రావడం మొదలయింది. చెయ్యి కుదుటపడుతోంది, సింహాద్రి అప్పన్న చూశాడు, లేచి తిరుగుతుంది అనుకున్నాను.

లేవలేదు. మట్టల ఆదివారం దాటిన బుధవారం నాడు పోయింది. ఇంకో నాలుగు రోజులుంటే ఈస్టరు.

శవాన్ని ఉంచిన చోట వాళ్ళ గుడి ఆడవాళ్ళు కూర్చుని, అంత జబ్బులోనూ నలభై రోజులూ గుడ్డు ముట్టలేదు, ఎంత నిష్ఠ అని చెప్పుకుంటున్నారు. నేను వాళ్ళ మధ్య కూర్చున్నాను. తల ఎత్తితే ఎదురుగా ఆవిడ కోడలు. ఆ పిల్ల నన్నే చూస్తోంది. రోజూ గిన్నె అందుకున్నది ఆ పిల్లే. గిన్నె కడిగిందీ ఆ పిల్లే. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు. తెలుసుకునే ధైర్యం లేక లేచి వచ్చేశాను.

ఒక్క సోమవారం ఉపవాసం తప్పితే నాకు నెల రోజులు మనసు పీకేది. అలాంటిదాన్ని ఆవిడ ఆఖరి తపస్సుకాలాన్ని నా చేత్తో చెడగొట్టాను. పాపం నీదే అని ఆవిడ నవ్వుతూ అందో, నిజంగా అందో, అడుగుదామంటే మనిషి లేదు. అప్పటినుంచీ ఆ గుమ్మం తొక్కలేదు. కోళ్ళని చూసుకునే దిక్కులేక సబ్బవరంలో చుట్టాలకి ఇచ్చేశారని విన్నాను. పొద్దున్న లేస్తే గోడవతల చప్పుడుండదు. ఆ కోడలు వీధిలో ఎదురైతే నేనే పక్కకి తిరిగిపోయేదాన్ని. ఆరు నెలలు దాటింది. ఇవన్నీ మా కోడలికి తెలియవు. గొప్ప చిక్కేం లేదన్నట్టు పక్కింటికిచ్చీండి అంది. దాని తప్పేముంది?

ఆ సాయంత్రం నలభై గుడ్లూ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి ఆడించాను. ఒక్కటీ మాట్లాడలేదు. రేపు పొద్దున్నే అన్నీ ఉడకబెట్టి, నూనెలో వేయించి, కారం పెట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గర పనివాళ్ళకి పంచేద్దామని చెప్పి పడుకున్నాను. దానికెంత నూనె అవుతుందని మా కోడలు అడిగింది. నేనూ అదే ఆలోచిస్తున్నాను.

మర్నాడు అమావాస్య. తెల్లవారుతుండగా ప్రమిదలు కడగడానికి పెరట్లోకి వెళ్ళాను. గోడ మేకుకి తీగ బుట్ట వేలాడుతోంది. ఖాళీది. అడుగున గడ్డి కొత్తది.

లోపలికొచ్చి ట్రేలు తీశాను. పెన్సిలు వెతికి, ఒక్కో గుడ్డు మీదా సో అని రాశాను. సోమవారం కదా. నా అక్షరాలు ఎప్పుడూ మంచివి కావు. బుట్టలో ఇరవై పట్టాయి. మిగతావి ట్రేలోనే గోడ మీద పెట్టాను. ఆ చప్పుడుకి ఆవిడ కోడలు బయటికొచ్చింది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"మీ అమాసకి బుట్ట కట్టమని మా అత్త సెప్పిందమ్మా. గడ్డి మార్చమంది" అంది. ఆవిడ ఏప్రిల్లో పోయిన మనిషి. అక్టోబరు పని అప్పగించి పోయింది.

ఆ పిల్ల ఒక గుడ్డు తీసి నేను రాసిన అక్షరం చూసింది.

"ఆఖరి వారం పిండి అని రాసింది నానేనమ్మా. మా అత్తకి సెయ్యి వణికీది. నువ్వు రాయి, నీ అక్షరం బాగుంటాది, లేపోతే వదినకి తెలీదు అనీసి పెన్సిలు నాకిచ్చింది."

"మనసొప్పే తినిందా?" అన్నాను.

"మొదటి రోజే తెలుసు. కూర ఇంకా రాలేదేటి అని రోజూ అడిగీది."

ఆ పిల్ల చేతిలోని గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. నాకేటీ వినబడదమ్మా అంది. నాకూ వినబడదని మొదటిసారి ఒప్పుకున్నాను. పాతవి ముందు వండుకో, తడపకు, తడిపితే నిలవుండవు అని చెప్పాను. అలాగే అని బుట్ట లోపలికి పట్టుకెళ్ళింది.

కాసేపటికి బుట్ట మళ్ళీ మేకుకి వచ్చింది. అందులో గుప్పెడు కరివేపాకు ఉంది. ఆ పూట పప్పు పోపులోకి అదే వేశాం.